ఇంటి ముంగిట పాత జర్మను కారు

తెలుగు పాఠం చెప్పే అధ్యాపకుని గోళ్ళలో సోమవారం ఉదయం నల్లని గ్రీజు ఎందుకు కనిపిస్తుందని మా విద్యార్థులు చాలాకాలంగా అడుగుతున్నారు. ఈ సంచికకు ఏదైనా శాస్త్రీయ విషయం వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు ఆ గ్రీజును గురించే వ్రాయడం న్యాయమని మాకు తోచింది.

మొగల్‌పురాలోని మా ఇంటి ముంగిట, రేకుల కప్పు క్రింద, 1982 నాటి మెర్సిడెస్ బెంజ్ 240 డి కారు ఒకటి ఉన్నది. మా మామూజాన్ గల్ఫ్‌లో ఉద్యోగం ముగించుకొని వచ్చునప్పుడు దానిని వెంట తెచ్చుకొన్నారు. 1986లో ఇక్కడ నమోదైనది. స్టీరింగు ఎడమచేతి వైపున ఉంటుంది. చూచినవారందరు ఇది నిజాం కాలం నాటిదా అని అడుగుతారు. కాదు. నిజాముల కారును చూడదలచినవారు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళి 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్‌ను చూడవచ్చును. అది సింహాసనం, ఇది బండి. జర్మనీలో దీనిని టాక్సీగా నడిపేవారు. మన నగరంలో గొప్పింటి వస్తువుగా కనిపించిన ఈ కారు తన పుట్టినింట కష్టజీవి అన్న సంగతి గ్రహిస్తే, దీని నిర్మాణంలోని మర్మం సగం తెలిసినట్లే.

ఈ తరగతి కార్లకు కర్మాగారం వారు పెట్టిన సంకేతం డబ్ల్యు 123. 1975 చివర మొదలై 1986 ఆరంభం వరకు సుమారు 27 లక్షలు తయారైనవి. అందులో 240 డి అనగా 2.4 లీటర్ల డీజిలు ఇంజను కలది. కారులో డీజిలు ఇంజను పెట్టి అమ్మకానికి తెచ్చిన తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది కూడ ఈ సంస్థదే. ఆ కారు 1936 నాటి 260 డి. మరి కొంచెం వెనుకకు పోతే, కార్ల్ బెంజ్ తన మోటారు బండికి 1886లో పేటెంటు పొందినాడు. రెండేండ్ల తరువాత ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు ఆ బండిని నడిపించినది. దారిలో ఇంధనపు గొట్టం పూడుకొనిపోతే తన టోపీ సూదితో పొడిచి తెరిచినది. బ్రేకు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టేవానిచేత తోలు ముక్క వేయించినది. ఇంధనాన్ని మందుల దుకాణంలో కొన్నది. అనగా మోటారు కారు చరిత్రలోని మొదటి దూరప్రయాణమే మరమ్మత్తుల ప్రయాణం. దారూల్‌షిఫాలోని షెడ్లను చూచి ముక్కు మూసుకొనే మిత్రులు ఈ చెప్పులు కుట్టేవానిని ఒకసారి జ్ఞాపకం చేసుకోవలెను.

ఇక మా కథకు వద్దాము. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానను పాతబస్తీ మరచిపోదు. నాలుగు రోజులకు, 17వ తేదీ రాత్రి, మళ్ళీ కుండపోత. గుర్రం చెరువు కట్ట తెగినది. హాఫిజ్ బాబానగరు వీధులు కాలువలైనవి. అప్పట్లో ఈ కారు అక్కడ మామూజాన్ ఇంటి గేటు లోపల ఉండేది. ఇంటివారు మేడమీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకొన్నారు. కారు ఎక్కడికి పోగలదు? తలుపు పిడి వరకు నీరు వచ్చినది. నీరు తీసిన తరువాత మేము వెళ్ళి చూచేసరికి సీట్లమీద వేలెడు మందాన బురద పేరుకొని ఉన్నది.

మామూజాన్ కుమారుడు తాళంచెవి తెచ్చి, "ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం భాయ్" అన్నాడు. అదృష్టవశాత్తు అంతకు ముందే ఉస్తాద్‌కు ఫోను చేసి ఉన్నాము. ఆయన చెప్పిన మాట ఒక్కటే: "చాబీ పెట్టినవాడు మళ్ళీ నాకు ఫోను చేయవద్దు."

ఈ ఆజ్ఞలోని శాస్త్రం విద్యార్థులు తెలుసుకోదగినది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించడానికి ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో అది లేదు. పిస్టను గాలిని గట్టిగా నొక్కుతుంది. నొక్కబడిన గాలి మండేటంత వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోనికి నాజిలు డీజిలును పిచికారీ చేయగానే అంటుకొంటుంది. మా ఇంజనులో ఈ నొక్కుడు 21కి 1 నిష్పత్తిలో జరుగుతుంది. అనగా 21 పాళ్ళ జాగాలోని గాలి ఒక పాలు జాగాలోనికి కుదించుకొనిపోవలెను. గాలి కుదించుకొంటుంది. నీరు కుదించుకోదు. సిలిండరులో నీరు నిలిచి ఉండగా సెల్ఫ్ కొడితే పైకి పోయే పిస్టను రాతిగోడకు కొట్టుకొన్నట్లు ఆగిపోతుంది, దాని క్రింది కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వరద చేసిన నష్టం కొంత. వరద తగ్గిన మరునాడు తాళంచెవి చేసిన నష్టం మరింత. ఆ వారంలో నగరమంతట ఎన్ని ఇంజనులు ఈ విధంగా చెడినవో!

బ్యాటరీ తీగలు విప్పి, కారును లాగించి మొగల్‌పురాకు చేర్చినాము. మా వీధిలో నీరు నిలువలేదు. మరునాడు ఉస్తాద్ వచ్చినారు. ఎయిర్ ఫిల్టరు పెట్టె విప్పి చూచి, నాలుగు హీటరు ప్లగ్గులు ఊడదీసినారు. చలి ఇంజను తొందరగా అంటుకొనుటకు ముందుగా వేడి ఇచ్చే చిన్న కడ్డీలివి. అవి తీస్తే సిలిండరునుండి బయటికి దారి ఏర్పడుతుంది. ఆ దారిన కొద్దిగా నూనె పోసి, ముందరి పుల్లీ బోల్టుకు పెద్ద సాకెట్టు తగిలించి, ఇంజనును చేతితో, మెల్లగా, అంగుళం అంగుళం త్రిప్పించినారు. మొదటి రెండు సిలిండర్లలో ఏమీ లేదు. మూడవ దాని నుండి బురదనీరు చిమ్మి మా అంగీమీద పడినది. కారు నిలిచి ఉన్నప్పుడు ఆ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు తెరుచుకొని ఉండవలెను. నీరు సైలెన్సరు గొట్టం వెంట ప్రాకి అందులో చేరినది. ఉస్తాద్ నవ్వుతూ మా కజిన్ వైపు చూచినారు. అతడు తాళంచెవిని జేబులో మరింత లోపలికి త్రోసుకొన్నాడు.

ఇంజను ఆయిలు దించితే ఇరానీ చాయ్ రంగులో వచ్చినది. నూనెలో నీరు కలిసినదనుటకు అంతకంటె సాక్ష్యం అక్కరలేదు. చవక ఆయిలు పోసి, చేతితో త్రిప్పి, దించి, మళ్ళీ పోసి, ఈ విధంగా మూడు పర్యాయాలు చేసినాము. గేరుబాక్సు, వెనుక ఇరుసు నూనెలు కూడ అదే రంగు. డీజిలు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసినాము. డీజిలు తేలిక, నీరు అడుగున నిలుస్తుంది, గొట్టం పీల్చేది అడుగునుండే. ఇంధనాన్ని కొలిచి పంపే బాష్ పంపును మాత్రం ఇంటివద్ద ముట్టుకోలేదు. అందులోని భాగాల మధ్య సందును మిల్లీమీటరులో వెయ్యవ వంతులతో లెక్కిస్తారు. దానిని పంపు పని చేసేవారికి అప్పగించవలసినదే. ఇంటి గ్యారేజి నడిపేవానికి ఏది తాను చేయగలడో తెలియడం కంటె ఏది చేయకూడదో తెలియడం ముఖ్యం.

సీట్లు మమ్ము ఆశ్చర్యపరచినవి. పైన రెక్సిను వంటి గట్టి బట్ట. నీటికి దానికి ఏమీ కాలేదు. విప్పి చూస్తే లోపల స్ప్రింగులు, వాటిమీద పీచు మెత్త. మేడమీద రెండు వారాలు ఎండబెట్టినాము. మా అమ్మీ వడియాలు పెట్టే చోటును బెంజి సీట్లు ఆక్రమించినవని ఇరుగుపొరుగువారు వేళాకోళం చేసినారు. కార్పెట్టు ఎత్తితే అడుగున అసలు శత్రువు కనిపించినది. నేలరేకు నీటిని పట్టి ఉంచుకొని తుప్పుపట్టడం మొదలుపెట్టినది. డ్రైవరు కాళ్ళదగ్గర అరచేయంత మేర సుత్తి తగలగానే పొడిపొడిగా రాలినది. అక్కడ రేకును కోసి కొత్త ముక్క వెల్డింగు చేయించినాము. తుప్పు మీదనే లప్పం పూసి పెయింటు కొట్టిస్తే పని రెండు రోజులలో అయ్యేది, రెండు వానాకాలాలలో మళ్ళీ బయటపడేది.

నాలుగు నెలల ఆదివారాలు గడిచినవి. 2021 ఫిబ్రవరిలో ఒకనాడు ఉస్తాద్ చేతిపంపు ఒత్తి గొట్టాలలోని ఎయిర్ తీసి, హీటరు దీపం ఆరేవరకు ఆగమని చెప్పి, "ఇప్పుడు కొట్టు బేటా" అని చాబీ మా కజిన్ చేతికే ఇచ్చినారు. తెల్లని పొగ వీధినంతా కమ్మినది. ఒక సిలిండరు, రెండు, తరువాత నాలుగూ అందుకొన్నవి.

అదే వరదలో మునిగిన చాలా కొత్త కార్లను మరమ్మత్తుకు పనికిరావని తేల్చి తూకానికి అమ్మినారు. మా కారు బ్రతకడానికి కారణం అదృష్టం కాదు. దానిలో కంప్యూటరు లేదు. ఒకసారి ఇంజను నడవడం మొదలైతే, నడుస్తూ ఉండడానికి విద్యుత్తే అక్కరలేదు. ప్రతి భాగాన్ని విప్పవచ్చును, చూడవచ్చును, కడిగి మళ్ళీ బిగించవచ్చును. విప్పడానికి వీలుగా దానిని తయారుచేసినారు. అంతమాత్రాన కొత్త కార్లు చెడ్డవనుట మా ఉద్దేశం కాదు. ప్రమాదం జరిగితే మనిషిని కాపాడడంలోను, తక్కువ పొగ విడవడంలోను అవి ఎంతో మేలు. మా కారు పొగను శుద్ధిచేసే సాధనం ఏదీ లేదు. కావున దానిని నెలకు రెండు మూడు పర్యాయాలకు మించి రోడ్డెక్కించము.

బాగైన తరువాత ఒక శుక్రవారం విచిత్రం జరిగినది. నమాజు వేళకు కారు నిలిపి, చాబీ త్రిప్పి, బయటికి తీసి, తలుపు వేసినాము. ఇంజను ఆగలేదు! చాబీ మా చేతిలో ఉన్నది, కారు తన పాటికి తాను నడుస్తున్నది. పిల్లలు గుమిగూడి జిన్ను పట్టినదని తీర్మానించినారు. నిప్పురవ్వతో పనిలేని ఇంజను కనుక విద్యుత్తు తీసివేసినా ఆగదు, ఇంధనం ఆపవలెను. ఈ కారులో ఆ పని గాలి లేని పీల్పుతో, అనగా వాక్యూముతో జరుగుతుంది. ఇంజనుకు అమర్చిన చిన్న పంపు ఒకటి గాలిని పీల్చి సన్నని గొట్టాలలో శూన్యం కల్పిస్తుంది. బ్రేకుకు బలమిచ్చేది, తలుపుల తాళాలన్నింటిని ఒక్కసారిగా వేసేది, చాబీ త్రిప్పినప్పుడు ఇంధనాన్ని ఆపేది ఆ శూన్యమే. బానెట్ ఎత్తి ఇంజనుమీది 'స్టాప్' మీటను నొక్కి అప్పటికి గండం గడిపినాము. సాయంత్రం ఉస్తాద్ ఇంజనును చూడనే లేదు. గొట్టాలను ఒక్కొక్కటిగా వ్రేళ్ళతో నొక్కిపట్టుకొంటూ వెనుక ఎడమ తలుపు దగ్గర ఆగినారు. తలుపు తాళంలోని రబ్బరు పొర చిరిగినది. అక్కడ గాలి దూరుతున్నందువలన ఇంజను ఆగడం మానినది. రోగం ఒకచోట, నొప్పి మరొకచోట.

మన నగరపు ఎండకు తుప్పు కంటె రబ్బరే ముందు చస్తుంది. ఇంధనపు గొట్టాలు, ఇంజను క్రింది దిమ్మలు, అద్దాల చుట్టూ ఉండే పట్టీలు బిరుసెక్కి పగులుతాయి. తుప్పు మాట తీసివేయరాదు కాని, సముద్రపుటొడ్డున ఉన్న విశాఖ మిత్రులకంటె మనం ధన్యులం. ముందరి అద్దం క్రింద నీరు పోయే రంధ్రాలలో వేపాకు పేరుకొనకుండ చూచుకొంటే చాలవరకు రక్షణే. రేడియేటరులో బోరు నీరు పోయరాదు; మన బోర్ల నీటిలోని సున్నం కెటిలులో పేరుకొన్నట్లే ఇంజను లోపలి దారులలో పేరుకొని వేడి బయటికి పోనీయదు. ట్యాపెట్ సెట్టింగ్ తప్పనిసరి: ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ వాల్వుకు 0.10 మిల్లీమీటరు, ఎగ్జాస్టు వాల్వుకు 0.30 మిల్లీమీటరు సందు. జుమేరాత్ బజారులో ఒక గురువారం పాత ఇనుము కుప్పలో కొన్న ఫిల్లర్ గేజితోనే ఈ కొలత చూస్తున్నాము. ఒక హెచ్చరిక: కారు క్రిందికి దూరవలసి వస్తే జాకీని, ఇటుకలను నమ్మరాదు. ఇటుక ముందుగా చెప్పి పగలదు. గట్టి ఇనుప స్టాండ్లు లేకుండ క్రింద దూరడం ఎంతటి ఉస్తాద్‌కైనా తగదు.

విడిభాగాలు ఎక్కడినుండి వస్తాయని అడుగుతారు. ఇక్కడ మన దేశపు చరిత్ర కొంత కలిసి వచ్చినది. టాటా వారు 1954 నుండి 1969 వరకు జర్మను సంస్థతో కలిసి లారీలు తయారుచేసినారు. ఆ లారీల ముఖాన మూడు కోణాల నక్షత్రం ఉండేది. డీజిలు ఇంజనుతో మన మెకానిక్కుల పరిచయం చాలావరకు అక్కడ బలపడినది. తరువాత పుణెలోని బజాజ్ టెంపో వారు మా కారులోని ఓ.ఎం. 616 ఇంజనునే లైసెన్సుపై తయారుచేసి ట్రాక్స్, ట్రావెలరు బండ్లకు బిగించినారు. 2005 నుండి ఆ సంస్థ పేరు ఫోర్స్ మోటార్స్. పల్లెలకు జనాన్ని క్రిక్కిరిసి మోసుకొనిపోయిన ఆ బండ్లు, జర్మనీలో పుట్టిన ఈ కారు ఒకే గుండెతో నడిచినవి. అందువలన రాణీగంజ్‌లో, జాంబాగ్‌లో మనకు కావలసిన రింగులు, గాస్కెట్ల వంటివి కొన్ని టెంపో పేరుమీదనే దొరుకుతాయి. కాని తరువాతి కాలపు టెంపో ఇంజనులలో కొలతలు మారినవి. కనుక పాత భాగాన్ని సంచిలో వేసుకొని వెళ్ళి, ప్రక్కన పెట్టి కొలిచి కొనవలెను. దుకాణదారుని 'ఫిట్ అవుతుంది సాబ్' అనే మాట కొలత కాదు.

సంఖ్యలు చదవడం నేర్చుకొంటే సగం మోసం తప్పుతుంది. మా కారు ఛాసిస్ సంఖ్యలో 123.123 అని, ఇంజను సంఖ్య మొదట 616.912 అని ఉన్నది. మొదటిది 240 డి శరీరం, రెండవది దాని ఇంజను. రెండూ పొంతన కుదిరితే పుట్టుకతో వచ్చిన ఇంజనే ఉన్నదని ఒక గుర్తు. ధాతువును చూచి పదం యొక్క కులం చెప్పినట్లే ఇది. వ్యాకరణం చదివినందుకు మాకు కలిగిన మరొక ప్రయోజనం.

ఈ పొంతన మాట ఊరకే చెప్పలేదు. వరద తరువాత చాలామంది, పాత ఇంజను బాగు చేయించే బదులు ఒక టెంపో ఇంజను తెచ్చి బిగించండి, సగం ఖర్చు అన్నారు. ఉస్తాద్ కూడ అది సాధ్యమే అన్నారు. మేము వెనుకాడడానికి కారణం చట్టం. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి నమోదు నుండి 50 ఏండ్లు దాటి, ఛాసిస్, శరీరం, ఇంజను మార్పు లేక అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలను వింటేజి వాహనాలుగా వేరుగా నమోదు చేస్తారు. మాది 2032లో ఆ వయస్సుకు వస్తుంది. అంతవరకు దాటవలసిన ఏరు మాత్రం లోతుగానే ఉన్నది. 15 ఏండ్లు దాటిన దిగుమతి కార్ల పునర్నమోదు రుసుమును 2022 ఏప్రిల్ 1 నుండి 40,000 రూపాయలు చేసినారు. 2025 ఆగస్టులో, 20 ఏండ్లు దాటిన వాటికి 80,000 చేసినారు. 2021లో మేము చేయించిన పునర్నమోదు గడువు 2026 వరకే. మా ఇంట దీనిమీద పెద్ద చర్చ జరిగినది. ఆ సొమ్ముతో ఇంటి పైకప్పు బాగుపడుతుందన్న మా శ్రీమతి వాదంలో బలం లేదని అనలేము. మామూజాన్ మాత్రం, నీళ్ళలోనుండి తీసినదాన్ని కాగితాలలో ముంచుతారా అన్నారు. చివరకు ఆయన, మేము చెరి సగం వేసుకొనుటకు ఒప్పుకొన్నాము. కప్పు మరొక వానాకాలం ఆగవలెను.

కాని రుసుము కంటె మమ్ము కలతపెట్టే సంగతి వేరొకటి. రుసుము చెల్లించవచ్చును, భాగాలు జర్మనీనుండి తెప్పించవచ్చును. స్టుట్‌గార్టు సమీపంలోని ఫెల్‌బాఖ్‌లో పాత కార్ల కొరకే ఆ సంస్థ 1993లో ఒక కేంద్రం నెలకొల్పినది. ఉస్తాద్‌ను తెప్పించలేము. ఆయనకు డెబ్బై దాటినవి. పన్నెండేండ్ల వయస్సులో షెడ్డులో పానాలు అందించే శాగిర్దుగా చేరి, స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి ఏ నాజిలు సరిగా కొట్టడం లేదో చెప్పగల విద్య సంపాదించినారు. ఆ విద్య ఏ పుస్తకంలోను లేదు. కుమారులు ఇద్దరూ వేరే ఉద్యోగాలలో స్థిరపడినారు. షెడ్డులోని కుర్రవాళ్ళు కొత్త కార్లకు యంత్రం తగిలించి తప్పుల జాబితా చదవడం నేర్చుకొంటున్నారు. వారి జీవనోపాధికి అదే సరియైనది, తప్పుపట్టలేము.

అందువలన మేము ఒక నోటుపుస్తకం మొదలుపెట్టినాము. ఉస్తాద్ ఉర్దూలో చెప్పిన మాట ఒక వరుసలో, దాని తెలుగు ఎదుటి వరుసలో, కొలత మూడవ వరుసలో. ఇప్పటికి 60 పుటలు నిండినవి. అయినా ఇంజను ఏ చప్పుడు చేస్తే ఏ జబ్బో అక్షరాలలో పెట్టడం మా వ్యాకరణానికి అలవికావడం లేదు. అది చెవితో నేర్వవలసినదే. కళాశాల పాలకవర్గం వారికి మా మనవి ఏమనగా, భౌతికశాస్త్ర ప్రయోగశాల వెనుకనున్న సైకిలు షెడ్డును నెలకు ఒక ఆదివారం మాకు ఇప్పించి, ఉస్తాద్‌కు తగిన గౌరవభృతి ఏర్పాటు చేసినచో, కారును అక్కడికి తెచ్చే పూచీ మాది. ఆసక్తి గల విద్యార్థులు పాత అంగీ తొడుక్కొని రావలెను. ఉస్తాద్ ఒక్క షరతు పెట్టినారు: ఆయన చెప్పేవరకు చాబీ ఎవరూ ముట్టుకోరాదు.

వెనుక ఎడమ తలుపులోని రబ్బరు పొరకు ప్రస్తుతం సైకిలు ట్యూబు ముక్కతో అతుకు వేసి ఉన్నది. మొదటి ఆదివారం ఆ పనితోనే ప్రారంభించవచ్చును.